జోకొట్టే చెయ్యి

పిల్లల ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక ఎడమ చేతివైపు మూడో తలుపు పేస్టమ్మది. తలుపు మీద ‘ఈఈజీ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది గానీ అది చదువుకుని వచ్చేవాళ్లు తక్కువ. “పేస్టమ్మ గది ఎక్కడ?” అంటే లిఫ్టు దగ్గరి కాపలా మనిషి కూడా ఠక్కున వేలు చూపిస్తాడు. పిల్లల తలను టేపుతో కొలిచి, ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టి, ఆ చుక్కల మీద తెల్లటి పేస్టు అద్ది, ఇరవై ఒక్క చిన్న లోహపు బిళ్లలు అతికించి, మెదడులో పుట్టే సన్నటి కరెంటును తెర మీద గీతలుగా పట్టడం ఆవిడ ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఆ తెలుపు వదలదు. ఆ పేరు ఏ పిల్ల పెట్టిందో ఎవరికీ గుర్తు లేదు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మనిషి మంచిదే, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లల మీద కాదు లెండి. పిల్ల ఎంత ఏడ్చినా, మీద వాంతి చేసుకున్నా, అతికించిన బిళ్లలన్నీ పీకి పారేసినా “పీకావా తల్లీ, సరే, మళ్లీ పెట్టుకుందాం” అంటుంది. కోపమంతా తల్లుల మీద. పిల్ల కదలకుండా పడుకుంటేనే గీతలు శుభ్రంగా వస్తాయి. కానీ పిల్లను పడుకోబెట్టాక తల్లి చెయ్యి ఊరుకుంటుందా? నెమ్మదిగా వీపు మీదికి పాకి జోకొట్టడం మొదలుపెడుతుంది. ఆ తట్టుడికి చిన్న తల అదురుతుంది, వెనక ఉన్న బిళ్లలు కదులుతాయి, తెర మీద గీతలు అలలు అలలుగా లేస్తాయి. కొత్తవాళ్లెవరైనా చూశారంటే అవి ఫిట్స్ అనుకుంటారు.

“చెయ్యి తియ్యండమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?” అని పేస్టమ్మ కేకేస్తుంది. ఆ తల్లి ఉలిక్కిపడి తీసేస్తుంది. అర నిమిషం గడవకుండా చెయ్యి మళ్లీ అక్కడే ఉంటుంది. పాపం, ఆమె కావాలని చెయ్యదు. అరిచి అరిచి గొంతు పోయాక పేస్టమ్మ విసుక్కుంటూ పక్కనున్న పొడుగాటి నోటుబుక్కు లాక్కుని, టైము వేసి, ‘జో’ అని రాసుకుంటుంది. పిల్ల ఏమైనా నములుతుంటే ‘న’. ఏడుస్తుంటే ‘ఏ’. పాలు తాగుతుంటే ‘పా’. కంప్యూటర్లు వచ్చాక ఈ రాతలన్నీ అందులోనే కొట్టమన్నారు. ఆవిడ సరేనంది. సరేనని, నోటుబుక్కులోనే రాసుకుంది.

ఇక కోడలి సంగతి చెప్పాలి. పేస్టమ్మకు ఒక్కడే కొడుకు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఆడవాళ్లిద్దరూ మెదడు గురించి మొదలుపెట్టారంటే “నాది ఎలాగూ ఖాళీ, నన్నొదిలెయ్యండి” అని కంచం పట్టుకుని పక్క గదిలోకి పోతాడు. అతని భార్య ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారు ఆ రోజు వచ్చిన పిల్లల సంగతులు ఏకరువు పెడుతుంటే, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా అడిగింది.

“అత్తయ్యా, ఆ గీతలన్నీ డాక్టరుగారు కళ్లతోనే చూస్తారా? గంటల తరబడి తీసినవి కూడానా?”

“కళ్లతో కాకపోతే కాళ్లతో చూస్తారా?”

“ఉన్నది ఒక్క డాక్టరు. మధ్యలో ఒకటి కంటబడకుండా పోతే?”

“పోతాయి. పోతూనే ఉంటాయి. నా ఏడుపంతా అదే కదా అమ్మాయ్!”

ఆ ఒక్క మాట పట్టుకుని ఆ అమ్మాయి పీహెచ్‌డీలో చేరింది. నెలల పిల్లలకు వచ్చే ఫిట్స్ చాలాసార్లు పైకి కనబడవు. కాళ్లూ చేతులూ కొట్టుకోవు. పిల్ల ఊరికే ఓ పక్కకు చూస్తున్నట్టుంటుంది, లోపల మెదడు మాత్రం అల్లకల్లోలమైపోతుంటుంది. ఆ గీతలు చదివి, ఆ అల్లకల్లోలాన్ని తనంతట తానే పట్టే ప్రోగ్రాం తయారుచెయ్యాలన్నది ఆమె పరిశోధన. పేస్టమ్మ గదిలో పదిహేనేళ్లుగా పోగుపడ్డ రికార్డింగులను, తల్లిదండ్రుల అనుమతులూ కమిటీ సంతకాలూ అయ్యాక, పేర్లు తీసేసి నంబర్లతో ఆమెకిచ్చారు. ఎక్కడెక్కడ ఫిట్స్ ఉన్నాయో బయటి నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చి కూర్చుని గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు చూసి చూసి ప్రోగ్రాం నేర్చుకుంది. చచ్చీ చెడీ ఆరేళ్లకు తేలిందేమిటంటే, అది నూటికి తొంభై ఐదుసార్లు సరిగ్గా చెబుతోంది.

తొంభై ఐదు! పేస్టమ్మ కాళ్లు భూమ్మీద ఆనలేదు. లిఫ్టు కాపలా మనిషి దగ్గర్నుంచి మందుల కొట్టువాడి దాకా అందరికీ చెప్పింది. “మా కోడలు డాక్టరు కాబోతోంది” అంటే “పిల్లల డాక్టరా అమ్మా, పెద్దవాళ్ల డాక్టరా?” అని వాళ్లు అడగాలి, “డాక్టర్లకే చెప్పే డాక్టరు!” అని ఈవిడ అనాలి. మీసం ఒక్కటే తక్కువ, ఉంటే మెలేసేదే. పీహెచ్‌డీ చివర జరిగే వైవాకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని తెలిసి, కోడలి గైడుకు తనే ఫోను చేసింది. “ముందు వరసలో నాకో కుర్చీ ఉంచండి బాబూ. వెనక కూర్చుంటే నాకు వినబడదు” అంది. చెవులు రెండూ భేషుగ్గా పనిచేస్తున్న మనిషి!

వైవాకు తొమ్మిది రోజులుందనగా ఒక శనివారం ఆ బుగ్గల పిల్ల వచ్చింది.

ఎనిమిది నెలల పిల్ల. రెండు బుగ్గలూ, వాటి మధ్య ఎక్కడో ఓ ముక్కూ. అంతకుముందు ఫిట్స్ వచ్చి మందు వాడుతున్నారు. తగ్గాయో లేదో చూడమని పంపారు. తల్లి కింద కాగితాల పని మీద ఉంటే అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఆ నెలంతా కోడలి ప్రోగ్రాంను కూడా ఆసుపత్రిలో నడిపి చూస్తున్నారు. డాక్టరు తన పద్ధతిలో తను చూస్తుంది, పక్కన ప్రోగ్రాం తన మాట తను చెబుతుంది. రికార్డింగు అయిపోగానే ప్రోగ్రాం ఎర్ర అక్షరాల్లో చెప్పింది: గంటలో పదకొండు ఫిట్స్.

పెద్ద డాక్టరు గుమ్మంలోనే నిలబడి ఆ కాగితం చూసింది. ఆవిడ కోసం బయట పాతికమంది కాచుకుని ఉన్నారు.

“పదకొండా! అయితే మందు పనిచెయ్యట్లేదు. డోసు పెంచాలి” అంది.

అమ్మమ్మ మొహం పాలిపోయింది. పేస్టమ్మ తన నోటుబుక్కు వైపు చూసుకుని, వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు ‘జో’లు. ఆ మందు డోసు పెరిగితే పిల్లలు ఎలా అయిపోతారో ఆవిడ కళ్లారా చూసింది. మత్తుగా పడి ఉంటారు, పాలు తాగరు, నవ్వరు. ఈ బుగ్గలు పీక్కుపోతాయి. కానీ నోరు తెరిచి చెబితే, తప్పయ్యేది కోడలి ఆరేళ్ల కష్టం. నోరు తెరవడానికి ఆవిడకు ఎంతసేపు పట్టిందంటారా? ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం ఆలోచించినందుకు ఆవిడ తర్వాత ఎన్నాళ్లో తనను తాను తిట్టుకుంది.

“మేడమ్, అవి ఫిట్స్ కావు. ఈవిడ జోకొట్టింది.”

డాక్టరు తెర దగ్గరికొచ్చింది. పేస్టమ్మ వేలితో చూపించింది. “ఇటు చూడండి. ఫిట్ అయితే సన్నగా మొదలై, పెరిగి, నెమ్మదించి, అప్పుడాగుతుంది. ఇది మొదలవ్వడమే నిండుగా మొదలైంది, ఒకే తీరున నడిచి టక్కున ఆగింది. ఆగిన చోటల్లా నేను ఈవిడ మీద అరిచాను.”

“అరిచారు డాక్టరుగారూ” అని అమ్మమ్మ సాక్ష్యం చెప్పింది.

డాక్టరు పదకొండూ ఒక్కొక్కటే చూసింది. “నిజమే. డోసు పెంచక్కర్లేదు. పాపకు అసలు ఫిట్సే లేవు ఇవాళ” అంది. వెళ్తూ వెళ్తూ పేస్టమ్మ భుజం తట్టి, “యంత్రం కదా, అప్పుడప్పుడూ పొరబడుతుంది. మీ కోడలికి చెప్పండి” అంది.

అప్పుడప్పుడేనా? పేస్టమ్మకు ముద్ద దిగలేదు. మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కకు నెట్టి, ఆ నెలలో ప్రోగ్రాం ఇచ్చిన కాగితాలన్నీ ముందేసుకుని, తన నోటుబుక్కుతో సరిచూసింది. పంతొమ్మిది మంది పిల్లలు. లేని ఫిట్‌ను ఉందని అది చెప్పిన ప్రతి చోటా పక్కన ‘జో’ ఉంది. అది కొంత ఊహించిందే. ఊహించనిది ఇంకోటి కనబడింది. నిజంగా ఫిట్స్ వచ్చిన చోట కూడా చాలావాటి పక్కన ‘జో’ ఉంది. ఎందుకుండదు? పిల్ల కళ్లు తేలేస్తే, ఒళ్లు బిగిస్తే, ఏ తల్లి చెయ్యి ఊరుకుంటుంది? గుర్తులు పెట్టిన డాక్టర్లు తప్పు చెయ్యలేదు. ఫిట్స్ ఉన్న చోటే పెట్టారు. కానీ ఫిట్ వచ్చినప్పుడల్లా గీతల్లో తల్లి చెయ్యి కూడా ఉంది. యంత్రానికి మెదడు కంటే ఆ చెయ్యే తేలిగ్గా దొరికింది. నేర్చేసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కోడలు భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, ఎదురుగా మొగుడిని కూర్చోబెట్టి, వైవా ప్రసంగం వల్లెవేస్తోంది. అతను ప్రతి వాక్యానికీ బుద్ధిగా తలూపుతున్నాడు. పేస్టమ్మ చెప్పులు కూడా విప్పకుండా విషయమంతా చెప్పేసింది. ఆవిడకు నాన్చడం చేతకాదు.

కోడలు ముందు నవ్వింది. “తట్టుడూ కదలికలూ తీసెయ్యడానికి ఫిల్టరు ఉందత్తయ్యా.”

“నీ ఫిల్టరు సంగతి నాకు తెలియదు. నా పుస్తకం సంగతి తెలుసు.”

“ఒక్క నెల కాగితాలు చూసి చెబితే ఎలా? ఆరేళ్లు దాంతోనే ఉన్నాను నేను!”

“ముప్పై ఒక్క ఏళ్లు దాంతోనే ఉన్నాను నేను.”

“అయితే ఇప్పుడేం చెయ్యమంటారు? మీ నోటుబుక్కులో ఒక్క అక్షరం చూసి థీసిస్ ఆపేసుకోనా? తొమ్మిది రోజుల్లో వైవా! ఊరంతా చాటింది మీరే కదా!”

ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. కొడుకు ఇద్దరి మొహాలూ చూసి, ఈసారి కంచం కూడా లేకుండానే పక్క గదిలోకి పోయాడు. పేస్టమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొకరైతే ఆ మాటకు పది మాటలు పడేవే. కానీ చివరి మాట సూదిలా గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. చాటింది తనే.

“రేపు ఆదివారం. పొద్దున్నే నాతో రా” అంది. “వచ్చేటప్పుడు ఒక పుచ్చకాయ తే.”

“ఏంటి?”

“పుచ్చకాయ. గుండ్రంగా, పిల్ల తలంత ఉండాలి.”

మర్నాడు పొద్దున్న ఆ గదిలో జరిగింది బయటివాళ్లెవరైనా చూసి ఉంటే ఇద్దరికీ కలిపి వైద్యం చేయించేవాళ్లు. పేస్టమ్మ పుచ్చకాయను పక్క మీద పెట్టి, టేపుతో కొలిచి, ఎర్ర చుక్కలు పెట్టి, పేస్టు అద్ది, ఇరవై ఒక్క బిళ్లలూ శ్రద్ధగా అతికించింది. కింద తువ్వాలు మడత పెట్టింది. పైన పిల్లల దుప్పటి కప్పింది. కోడలు చేతులు కట్టుకుని చూస్తోంది. “టోపీ కూడా పెట్టండత్తయ్యా, జలుబు చేస్తుంది” అంది, ఇంకా నిన్నటి కోపం పోలేదు గనక.

గీతలు చదునుగా పరుగెడుతున్నాయి. పేస్టమ్మ పక్కన కూర్చుని, అన్ని వేలమంది తల్లులను చూసిన అనుభవంతో, దుప్పటి మీద నుంచి మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. గీతలు లేచాయి. ఆపింది. పడ్డాయి. మళ్లీ కొట్టింది. పది నిమిషాలయ్యాక కోడలు తన ప్రోగ్రాం నడిపించింది.

నాలుగు ఫిట్స్, అంది ప్రోగ్రాం.

కోడలు పకపకా నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. పిల్లల కోసం వేసిన చిన్న ఎర్ర స్టూలు మీద కూలబడింది.

“దీనికి మెదడు లేదత్తయ్యా.”

“లేదు.”

“అయినా నాలుగంది.”

“అంది.”

“అంటే నా ప్రోగ్రాం ఇన్నాళ్లూ పిల్లల మెదడును చదవలేదన్నమాట.”

“కొంత చదువుతోందమ్మా. మిగతాది తల్లుల చెయ్యి.” పేస్టమ్మ పక్కన నేల మీద కూర్చుని కోడలి తల దగ్గరకు తీసుకుంది. వీపు మీద తన చెయ్యి ఏం చేస్తోందో ఆవిడ చూసుకోలేదు. “నా నోరు పడిపోనూ, చెప్పకుండా ఉంటే బాగుండేదేమో” అంది.

“అలా అనకండి. చెప్పకపోయి ఉంటే నేను మిమ్మల్ని ఎప్పటికీ క్షమించేదాన్ని కాదు” అంది కోడలు, ముక్కు తుడుచుకుంటూ.

సోమవారం గైడు గదికి కోడలు ఒక్కతే వెళ్తానంటే పేస్టమ్మ వినలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. చెప్పొద్దూ, ఆవిడ కూర్చున్నదే ఆ ఓర దగ్గర. లోపల కోడలు ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని తేల్చిన లెక్క చెప్పింది. ఆ నెల పంతొమ్మిది మంది రికార్డింగుల్లో చెయ్యి తగలని భాగాలు మాత్రమే ఏరి చూస్తే, ప్రోగ్రాం సరిగ్గా చెబుతున్నది నూటికి డెబ్బై ఒకటి.

గైడు చెడ్డవాడేం కాదు. ఆరేళ్లు ఆమెతో పాటు కష్టపడ్డాడు. “థీసిస్ పరీక్షకుల దగ్గరికి వెళ్లిపోయిందమ్మా. తేదీలు ఖరారయ్యాయి. ‘పరిమితులు’ అన్న చోట ఒక పేరా చేరుద్దాం. తర్వాత మెల్లగా సరిచేసుకోవచ్చు. అందరూ చేసేది అదే.”

“పేరా ఎవరు చదువుతారు సర్? డాక్టరు బిజీగా ఉంటుంది, ఎర్ర అక్షరాలు చూసి డోసు పెంచేస్తుంది. మొన్న కొద్దిలో తప్పింది.”

“ఆరేళ్లమ్మా...”

“తెలుసు సర్. కానీ పుచ్చకాయకు మందు రాయించే యంత్రానికి నేను డాక్టరేటు తీసుకోలేను. వాయిదా వెయ్యండి.”

బయట బెంచీ మీద పేస్టమ్మకు ఒళ్లు పులకరించింది. తొంభై ఐదు అన్నప్పుడు ఆవిడ గర్వపడింది, నిజమే. ఆ గర్వం దీని ముందు ఎందుకూ కొరగాదు. ఎదురుగా నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచి, “లోపల మాట్లాడుతోందే, అది మా కోడలు” అని చెప్పింది. ఆ మనిషి “ఓహో” అన్నాడు. అంతకంటే ఏమంటాడు?

ఆరు నెలలు గడువిచ్చారు. గడువైతే దొరికింది గానీ దారి దొరకలేదు. యంత్రానికి ‘ఇది చెయ్యి, ఇది మెదడు’ అని విడమరిచి నేర్పాలంటే, పదిహేనేళ్ల రికార్డింగుల్లో ఏ నిమిషంలో ఎవరు జోకొట్టారో తెలియాలి. పాతవాటికి వీడియోలు లేవు. కోడలు రెండు వారాలు తల పట్టుకుని కూర్చుంది. “ఎప్పుడో ఏ తల్లి తట్టిందో ఇప్పుడెవరికి తెలుస్తుందత్తయ్యా?” అంది ఒకరోజు.

“నాకు” అంది పేస్టమ్మ.

గదిలో స్టీలు బీరువా అడుగు అరలో, పేస్టు డబ్బాల వెనక, పాత దుప్పట్ల కింద, ముప్పై ఎనిమిది పొడుగాటి నోటుబుక్కులు ఉన్నాయి. ప్రతి రికార్డింగు నంబరూ, ప్రతి నిమిషమూ, పక్కన అక్షరాలూ. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు వాటిని చిత్తు కాగితాల వాడికి వేసెయ్యమన్నారు. ముందుచూపుతో దాచింది అనుకునేరు. అదేం కాదు. తన రాతను చిత్తు కాగితం అన్నారన్న ఉక్రోషంతో దాచింది. ఆవిడ కోపం ఎవరికైనా పనికొచ్చింది అంటే ఆ ఒక్కసారే.

కోడలు ఆ పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, దుమ్ము తుడిచి, బల్ల మీద పేర్చింది. ఆఫీసు అనుమతి తీసుకుని ఇద్దరూ పనిలోకి దిగారు. రోజూ పని ముగిశాక ఆ గదిలోనే ఓ రెండు గంటలు, ఆదివారాలైతే పొద్దుట నుంచీ. అత్తగారు చదువుతుంది, కోడలు కంప్యూటరులోకి ఎక్కిస్తుంది.

“మీ రాత ఏంటత్తయ్యా, సిరాలో పడ్డ చీమలు పాకినట్టుంది!”

“నువ్వు పిల్లను ఓ చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాసి చూపించు, అప్పుడు మాట్లాడదాం.”

ముప్పై ఎనిమిది పుస్తకాలు నడుములు విరగ్గొట్టాయి. కొడుకు రోజూ భోజనం మోసుకొచ్చి, తలుపు సందులోంచి డబ్బా లోపలికి తోసి, “ఖాళీ బుర్రవాడు వచ్చి వెళ్లాడు” అని చెప్పి పోయేవాడు. ఇరవై ఆరో పుస్తకం మధ్యలో ఒకచోట అక్షరాలు ఆగిపోయాయి. నంబర్లు ఉన్నాయి, పక్కన ఏమీ లేదు. పేజీలు తిప్పుతుంటే అలా మూడు నెలలు. పేస్టమ్మ చటుక్కున పుస్తకం మూసేసింది. మళ్లీ తెరిచింది.

“అప్పుడు మీ మావయ్యకు బాగాలేదు” అంది. “పనికి వచ్చేదాన్ని. రాసుకునేదాన్ని కాను.”

కోడలు ఆ మూడు నెలల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, “ఇవి వదిలేద్దామత్తయ్యా” అంది.

ఐదో నెల చివర కొత్త లెక్క వచ్చింది. తొంభై ఒకటి. కోడలు పుచ్చకాయ మీద కూడా నడిపి చూసింది. కొత్త పుచ్చకాయే, పాతది ఎప్పుడో తినేశారు. దానికి ఏ ఫిట్సూ లేవని ప్రోగ్రాం తేల్చింది.

వైవా రోజున పేస్టమ్మ ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. గోళ్లు ఎంత తోమినా తెలుపు పోలేదు. చేతులు ఒళ్లో దాచుకుంది. కోడలు లేచి తెర మీద మొట్టమొదట చూపించింది దుప్పటి కప్పుకున్న పుచ్చకాయ ఫోటో. హాలంతా ఘొల్లున నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగి, “నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను” అంది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు ముక్కు చివర కళ్లజోడుతో, చేతిలో పాత థీసిసు, కొత్త థీసిసు రెండూ పెట్టుకుని కూర్చుంది. ఆవిడ చూపుకే సగం మందికి చెమటలు పడతాయి.

“అప్పుడు తొంభై ఐదు అన్నారు. ఇప్పుడు తొంభై ఒకటి అంటున్నారు. తగ్గినదాన్ని ఇంత ధైర్యంగా చెప్పుకుంటున్నారేమిటి?”

“తొంభై ఐదు ఎప్పుడూ లేదండీ. ఉన్నది డెబ్బై ఒకటి. మిగిలింది తల్లుల చేతులది. అది నాదని చెప్పుకున్నాను” అంది కోడలు.

పరీక్షకురాలు పేజీ తిప్పింది. “ఈ కొత్త గుర్తులు, పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. ఎవరు పెట్టారు? వారి అర్హత ఏమిటి?”

పేస్టమ్మ కుర్చీలో కుంచించుకుపోయింది. ఆవిడ చదువు స్కూలుతో ఆగింది. తర్వాత ఒక ఏడాది ట్రైనింగు, అంతే. ఆరేళ్ల కష్టం తన చదువు దగ్గర ఆగిపోతుందేమోనని భయపడింది.

కోడలు తడుముకోలేదు. “మా అత్తగారండీ. ఈ ఆసుపత్రిలో ఈఈజీ టెక్నీషియన్. ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి పిల్ల తల దగ్గరా నిలబడి, కళ్లతో చూసింది చూసినట్టు, ఆ నిమిషంలోనే రాశారు. మేమంతా తర్వాత గీతలు చూశాం. పిల్లను చూసింది ఆవిడ ఒక్కరే. ఈమధ్యవాటికి వీడియోలున్నాయి, వాటిలో రెండు వందల చోట్ల సరిచూశాను. మూడు చోట్ల తప్పాయి. ఆవిడ చెప్పకపోతే నేను పోయిన ఏడాదే డాక్టరును అయిపోయేదాన్ని. తప్పుడు డాక్టరును.”

పరీక్షకురాలు కళ్లజోడు తీసి ముందు వరస వైపు చూసింది. “ఆవిడ ఇక్కడున్నారా?”

పేస్టమ్మ లేచి నిలబడింది. పరీక్షకురాలు కూడా లేచి, చెయ్యి చాపింది. పేస్టమ్మ గోళ్లు దాచుకోవడం మరిచిపోయి ఆ చెయ్యి అందుకుంది. వెనక వరసలో లిఫ్టు మెకానిక్కు ఎవరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. పెళ్లాం కోసమో అమ్మ కోసమో అతన్ని అడిగితే చెప్పలేడు.

రెండు వారాలకు బుగ్గల పిల్ల మళ్లీ వచ్చింది. బుగ్గలు అలాగే ఉన్నాయి. పైగా పళ్లొచ్చాయి, అడుగులొచ్చాయి, ఎర్ర స్టూలు ఎక్కి దూకడం కూడా వచ్చింది. ఇరవై ఒక్క బిళ్లలు అతికించేసరికి పేస్టమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. ఎలాగో పిల్లను పడుకోబెట్టారు. పక్కన అమ్మమ్మే కూర్చుంది. కళ్లు మూతలు పడక పిల్ల చిరాగ్గా అటూ ఇటూ దొర్లుతోంది. అమ్మమ్మ చెయ్యి నెమ్మదిగా వీపు మీదికి వెళ్లింది. వెళ్లిన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది.

“అయ్యో, మర్చిపోయాను మేడమ్! తిట్టకండి. పోయినసారి నా వల్లే కదా ఆ గొడవంతా...”

పేస్టమ్మ ఆ ముసలి చేతిని చూసింది. ఒళ్లో ముడుచుకుని ఉంది, తప్పు చేసినదానిలా. ఇన్నేళ్లుగా ఈ గదిలో ఎన్ని చేతులను తను అలా ముడుచుకునేలా చేసిందో లెక్కలేదు.

“జోకొట్టండమ్మా” అంది.

“గీతలు పాడైపోవూ?”

“పాడవ్వవు. మా కోడలు నేర్పింది దానికి. మీ చెయ్యి ఏదో పిల్ల మెదడు ఏదో ఇప్పుడు దానికి తెలుసు. మీ ఇష్టం వచ్చినంతసేపు కొట్టండి.”

అమ్మమ్మ నమ్మలేనట్టు ఓసారి చూసి, చెయ్యి పిల్ల వీపు మీద పెట్టింది. తట్టసాగింది. గీతలు అలలు అలలుగా లేచాయి. పేస్టమ్మ అలవాటు ప్రకారం నోటుబుక్కు లాక్కుని, టైము చూసి, పెన్ను పెట్టబోయి తెర వైపు తలెత్తింది. గీతల కింద, చిన్న నీలం పెట్టెలో, అప్పటికే ‘జో’ అని రాసి ఉంది. తన అక్షరమే. కోడలు దాన్ని మార్చలేదు, ఇంకో పేరేదీ పెట్టలేదు, ఉన్నదున్నట్టు అలాగే ఉంచింది. పక్కన ఎర్ర అక్షరాలు ఉండే చోటు ఖాళీగా ఉంది.

పిల్ల నిద్రపోయింది. పేస్టమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.